ఇంటి గోడ పక్కన విద్యుత్కేంద్రం

వేల్స్‌లోని స్వాన్సీ పట్టణంలో పుట్టి, వృత్తిరీత్యా న్యాయవాది అయిన విలియం గ్రోవ్, విద్యుత్తుతో నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్‌లుగా విడగొట్టగలిగినప్పుడు ఆ వాయువులను మళ్లీ కలిపి విద్యుత్తును రాబట్టడం కూడా సాధ్యమేనని భావించి, 1842లో సల్ఫ్యూరిక్ ఆమ్లంలో ప్లాటినం రేకులు ముంచిన గాజు గొట్టాలతో దానిని నిరూపించాడు. అయితే ఇంధన ఘటం అనదగిన ఈ పరికరం శతాబ్దానికి పైగా ప్రయోగశాలలు దాటి పెద్దగా బయటికి రాలేదు. 1959లో ఇంగ్లండ్‌లో ఫ్రాన్సిస్ బేకన్ 5 కిలోవాట్ల ఘటంతో వెల్డింగ్ యంత్రాన్ని నడిపి చూపిన తరువాతే దాని దశ తిరిగింది. అపోలో నౌకలకు విద్యుత్తును, వ్యోమగాములకు తాగునీటిని అందించినది బేకన్ రూపకల్పన ఆధారంగా తయారైన ఘటాలే.

నేడు ఇళ్లలో వాడే ఒక రకం ఘటంలో పలుచని ప్లాస్టిక్ పొర ఉంటుంది. దానికి ఒక వైపున ప్లాటినం సమక్షంలో హైడ్రోజన్ అణువు ప్రోటాన్లుగా, ఎలక్ట్రాన్లుగా విడిపోగా, ప్రోటాన్లు పొర గుండా నేరుగా సాగిపోతాయి. పొర దారి ఇవ్వని ఎలక్ట్రాన్లు తీగ గుండా చుట్టు తిరిగి వెళతాయి, ఆ ప్రవాహమే విద్యుత్తు. ఆవలి వైపున రెండూ ఆక్సిజన్‌తో కలిసి నీరవుతాయి. పనిచేస్తున్న ఘటం ఒక్కొక్కటి సుమారు 0.7 వోల్టులే ఇస్తుంది గనుక, అనేక ఘటాలను దొంతరగా పేర్చి కలుపుతారు.

భవనాలకు ఈ యంత్రం ఎందుకు తగినదో జపాన్ అనుభవం చక్కగా చూపుతుంది. 2009లో అక్కడ అమ్మకానికి వచ్చిన ఎనె-ఫామ్ అనే గృహ యంత్రం ఇంటి బయట గోడ పక్కన నిలిచి, ఒక కిలోవాట్ లోపు విద్యుత్తును ఇస్తూ, ఘటంలో పుట్టే వేడిని వృథా పోనీయక తొట్టిలోని నీటికి అందిస్తుంది. బొగ్గు విద్యుత్కేంద్రాల్లో ఇంధనపు వేడిలో సగానికి పైగా వాతావరణంలో కలిసిపోతుండగా, ఇక్కడ సుమారు 40 శాతం విద్యుత్తుగా, 50 శాతానికి పైగా వేడినీరుగా ఉపయోగపడుతుంది. రోజూ వేడినీటి తొట్టి స్నానం చేసే సమాజంలో ఇది చిన్న విషయం కాదు. ఈ యంత్రపు అసలు గొప్పతనం విద్యుత్తులో కంటే ఈ వేడిలోనే ఉందనడం న్యాయం.

దాని శుభ్రత మాత్రం షరతులతో కూడినది. ఎనె-ఫామ్‌కు అందేది హైడ్రోజన్ కాదు, ప్రధానంగా మీథేన్ ఉండే నగర గ్యాసు. దానిని నీటి ఆవిరితో చర్య జరిపించి హైడ్రోజన్‌ను రాబట్టినప్పుడు కార్బన్ డయాక్సైడ్ వెలువడక తప్పదు. పైగా కార్బన్ మోనాక్సైడ్ లక్షలో ఒక పాలును మించి మిగిలినా ప్లాటినం చచ్చుబడుతుంది గనుక, దానిని ముందే తొలగించాలి. ఈ బెడద లేకుండా నేరుగా హైడ్రోజన్‌తోనే నడిచే 5 కిలోవాట్ల ఘటాలను 99 వరకు, సౌరఫలకాలు, బ్యాటరీలతో జోడించి, 2022లో పానసోనిక్ సంస్థ కుసాత్సు నగరంలోని తన కర్మాగారంలో నెలకొల్పింది. ఎనె-ఫామ్ యంత్రాల ఘటాలు తయారయ్యేది అక్కడే.