బతికితే 10 లక్షలు!

ఓ కుర్రాడు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పరుగెడుతుంటాడు. చంపడానికి ముగ్గురు వెంటపడుతుంటారు. ఆ వేటని దేశమంతా టీవీ ముందు కూర్చుని చూస్తుంటుంది... 1970లో జర్మనీ బుల్లితెర మీద వచ్చిన సినిమా కథ ఇది. సినిమా అని తెలియక కొందరు ఫోన్లు చేసి తిట్టిపోశారు. మరికొందరు మాత్రం... 'తర్వాతి ఆటలో మేమూ పాల్గొంటాం' అన్నారు!

ఆ రోజు 1970 అక్టోబరు 18, ఆదివారం. పశ్చిమ జర్మనీలోని ఏఆర్‌డీ ఛానల్లో 'దాస్ మిలియోనెన్‌ష్పీల్' మొదలైంది. అంటే 'పది లక్షల ఆట' అని అర్థం. వెలుగులు చిమ్మే వేదిక, నాట్యం చేసే అమ్మాయిలు, చప్పట్లు కొట్టే జనం, చిరునవ్వు చెరగని వ్యాఖ్యాత. ఎక్కడా రాకెట్లు లేవు, రోబోలు లేవు. కథంతా భవిష్యత్తులో జరిగినా కనిపించేవన్నీ అప్పటి జర్మనీ వీధులూ కార్లే. సైన్స్ ఫిక్షన్ అంటే భారీ సెట్టింగులే అక్కర్లేదని నిరూపించిన సినిమా ఇది.

ఆట ఏంటంటే...

బెర్న్‌హార్డ్ లోట్జ్ ఓ మామూలు యువకుడు. ఎవరి బలవంతమూ లేకుండా తనంతట తానే ఆటలో చేరతాడు. నిబంధన ఒక్కటే- ముగ్గురు హంతకుల చేతికి చిక్కకుండా ఏడు రోజులు బతికుండాలి. బతికితే 10 లక్షల మార్కులు అతనివి. చంపితే సొమ్ము హంతకులకి. ఇదంతా చట్టబద్ధమే! ఎందుకంటే, కథలోని ప్రభుత్వం కాలక్షేపం కోసం ఇలాంటి ఆటల్ని అనుమతిస్తూ ఏకంగా ఓ చట్టమే చేసింది మరి.

సినిమా మొదలయ్యేసరికి ఆట చివరి రోజుకి చేరుతుంది. గడచిన రోజుల్లో లోట్జ్ ఎలా తప్పించుకున్నాడో మధ్యమధ్యలో చూపిస్తుంటారు. దారిన పోయేవాళ్ల అభిప్రాయాలు అడుగుతారు. అతను ఊపిరి బిగబట్టి దాక్కుని ఉండగానే... ఓ వాణిజ్య ప్రకటన వచ్చేస్తుంది! ఆ ప్రకటన చూస్తే నవ్వొస్తుంది. అవతల ఓ మనిషి చావుబతుకుల మధ్య ఉన్నాడన్న సంగతి గుర్తొచ్చి ఆ నవ్వు సగంలోనే ఆగిపోతుంది. ఈ సినిమా వ్యంగ్యమంతా అక్కడే ఉంది.

నిజమేననుకున్నారు!

అంతమంది ఎలా నమ్మారు? అక్కడే ఉంది దర్శకుడు టామ్ టోలే, రచయిత వోల్ఫ్‌గాంగ్ మెంగె తెలివి. ఇందులో వ్యాఖ్యాతగా వేసిన డీటర్ థామస్ హెక్ నటుడు కాదు, ఓ పాటల కార్యక్రమంతో అప్పటికే ఇంటింటికీ తెలిసిన అసలు సిసలు వ్యాఖ్యాత. విలేకరిగా కనిపించినాయనా నిజజీవితంలో క్రీడల విలేకరే. రోజూ చూసే ముఖాలే 'ఇది ప్రత్యక్ష ప్రసారం' అంటుంటే నమ్మకుండా ఎలా ఉంటారు!

హంతకుల ముఠా నాయకుడిగా వేసింది డీటర్ హాలర్‌ఫోర్డెన్. ఆ తర్వాతి కాలంలో జర్మన్లని కడుపుబ్బా నవ్వించిన హాస్యనటుడు ఈయనే అంటే ఓ పట్టాన నమ్మలేం.

మెంగెకి ఇలాంటివి వెన్నతో పెట్టిన విద్య. 1973లో వోల్ఫ్‌గాంగ్ పీటర్సన్ దర్శకత్వంలో వచ్చిన 'స్మాగ్'కీ ఆయనే రచయిత. నగరాన్ని విషపు పొగ కమ్మేసినట్టు చూపిన ఆ సినిమానీ కొందరు నిజమనుకుని హడలిపోయారు.

ముప్ఫయ్యేళ్ల అజ్ఞాతం

ఈ ఆట ఆలోచన మాత్రం అమెరికా రచయిత రాబర్ట్ షెక్లీది. 1958లో ఆయన రాసిన 'ద ప్రైజ్ ఆఫ్ పెరిల్' కథే దీనికి మూలం. ఆ హక్కుల విషయంలోనే చిక్కు వచ్చిపడింది. దాంతో జర్మనీ అంతా చర్చించుకున్న సినిమా కాస్తా దాదాపు మూడు దశాబ్దాలు తెరకి దూరమైపోయింది. మళ్లీ టీవీలో కనిపించింది 2002లోనే.

ఈలోగా లోకం మారిపోయింది. సినిమా వచ్చిన రోజుల్లో పశ్చిమ జర్మనీలో ప్రైవేటు ఛానళ్లే లేవు. అవి 1984లో అడుగుపెట్టాయి. 1999లో నెదర్లాండ్స్‌లో మొదలైన 'బిగ్ బ్రదర్' మరుసటేడాదే జర్మనీకీ వచ్చేసింది. కొందరిని ఓ ఇంట్లో పెట్టి పగలూ రాత్రీ కెమెరాలతో చూపించే ఆ ఆటే 2017లో 'బిగ్ బాస్'గా తెలుగు ఇళ్లలోకీ వచ్చింది. అందులో ప్రాణాలు తీయరు, నిజమే. కానీ ఒకరి ఏడుపు ఇంకొకరికి కాలక్షేపమవుతుందని మెంగె బృందం అప్పుడెప్పుడో పసిగట్టేసింది.

షెక్లీ కథనే ఫ్రెంచి దర్శకుడు ఈవ్ బువాసె 1983లో మళ్లీ సినిమాగా తీశాడు. 1987లో హాలీవుడ్ నుంచి ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగ్గర్ 'ద రన్నింగ్ మ్యాన్' రాగానే, అది తన సినిమాకి కాపీ అంటూ ఆయన కోర్టుకెక్కాడు. ప్రాణాలు పణంగా పెట్టి ఆడే ఆటలు 2021లో కొరియా సిరీస్ 'స్క్విడ్ గేమ్'తో మరోసారి ప్రపంచాన్ని ఊపేశాయి.

గెలిచాడు... కానీ!

ఇంతకీ లోట్జ్ ఏమయ్యాడు? తుపాకులు గురిపెట్టిన హంతకుల ఎదుటే ఓ గాజు సొరంగం దాటి వేదిక చేరుకోవాలి. అదే ఆఖరి గండం. దాటాడు. గెలిచాడు. కానీ ఆ గెలుపుని ఆనందించే ఓపిక అతనిలో మిగల్లేదు. కుప్పకూలిపోయిన విజేతని మోసుకెళ్లిపోతారు. ఆట మాత్రం ఆగదు, మరొకరి కోసం ఎదురుచూస్తుంటుంది.

విజేత గతి ఏమైందో చూపించే సినిమా అది. అయినా 'మేమూ ఆడతాం' అంటూ ఫోన్లు వచ్చాయి. ఇలాంటి ఆటకి మనుషులు దొరుకుతారా అన్న అనుమానం అప్పటిదాకా ఎవరికైనా ఉంటే... అది ఆ ఫోన్లతోనే తీరిపోయి ఉంటుంది!