ఇంటరాక్టివ్ మాధ్యమకళలో అనుసంధానసూత్రం: సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ఆధారంగా ఒక వివరణ

వ్యాససంగ్రహం

ప్రేక్షకుని కదలికకో, గొంతుకో, స్పర్శకో అప్పటికప్పుడు స్పందించే కళారూపాన్ని ఇంటరాక్టివ్ మాధ్యమకళ అంటున్నాం. సెన్సర్, కంప్యూటర్, స్పీకరు ఇందులో కంటికి కనిపించే భాగాలు. వీటి మధ్య ఏ చర్యకు ఏ స్పందన రావాలో నిర్ణయించే నియమం కంటికి కనిపించదు. దానిని ఈ వ్యాసంలో ‘అనుసంధానసూత్రం’ అని వ్యవహరిస్తున్నాను. ఈ కళలో అర్థం పుట్టేది ఆ సూత్రంలోనేనని, దానిని రాయడానికి సాంకేతికజ్ఞానంతోపాటు స్థలజ్ఞానం, సంస్కృతిజ్ఞానం అవసరమని ప్రతిపాదించడం ఈ వ్యాసలక్ష్యం. ఇందుకు మూడు ప్రాంతాల నుండి మూడు రకాల ముడిసరుకును తీసుకున్నాను. అవి సూర్యాపేట నుండి చలనం, కోదాడ నుండి ధ్వని, మిర్యాలగూడ నుండి సెన్సర్ సమాచారం. ఇక్కడ వివరించినవి ప్రదర్శితమైన కళాకృతులు కావు. కళాశాలల్లో ప్రయోగించి చూడదగిన నమూనాలు.

కీలకపదాలు: ఇంటరాక్టివ్ మాధ్యమకళ, అనుసంధానసూత్రం, సెన్సర్, గజ్జెల లాగు, పెద్దగట్టు జాతర, ధ్వని, ధాన్యపు తేమ.

1. ఉపోద్ఘాతం

చిత్రాన్ని ఎంతసేపు చూసినా అది మారదు. నాటకం ప్రేక్షకుని స్పందనను బట్టి కొంత మారుతుంది. ఇంటరాక్టివ్ కళాకృతి మాత్రం ప్రేక్షకుడు లేనిదే పూర్తి కాదు. గదిలోకి ఎవరూ రానప్పుడు అది కేవలం ఒక అవకాశం. ఒక మనిషి వచ్చి చేయెత్తినప్పుడే దానికి రూపం ఏర్పడుతుంది. కావున ఈ కళను విమర్శించే పరిశోధకునికి ‘కృతి ఏది?’ అన్న ప్రశ్న మొదటనే ఎదురవుతుంది. తెరమీది బొమ్మ కృతి కాదు. అది క్షణక్షణం మారిపోతుంది. పరికరం కృతి కాదు. దానిని మార్చి మరొకటి పెట్టవచ్చు. ప్రదర్శన తరువాత ప్రదర్శనలో నిలకడగా ఉండేది చర్యకూ స్పందనకూ ఉన్న సంబంధమే. ఆ సంబంధాన్ని పాఠంగా చదవగలిగితే తెలుగు సాహిత్య, జానపద, సంగీత పరిశోధకులకు ఈ రంగంలో పని ఉన్నదని స్పష్టమవుతుంది.

2. చారిత్రక నేపథ్యం

రష్యన్ శాస్త్రవేత్త లెవ్ థెరెమిన్ 1920 ప్రాంతంలో రూపొందించిన వాద్యాన్ని తాకకుండానే వాయించాలి. ఒక చేయి స్థాయిని, మరొక చేయి బిగ్గరతనాన్ని నిర్ణయిస్తాయి. శరీరచలనాన్ని విద్యుత్తు ద్వారా ధ్వనిగా మార్చిన తొలి ప్రసిద్ధ ఉదాహరణ ఇది. 1965లో న్యూయార్క్‌లో జాన్ కేజ్, మెర్స్ కన్నింగ్‌హామ్ బృందం ప్రదర్శించిన ‘వేరియేషన్స్ 5’లో నర్తకుల కదలికలను యాంటెన్నాలు, కాంతి సెన్సర్లు గ్రహించి ధ్వనిని ప్రభావితం చేశాయి. నర్తకుడు సంగీతానికి ఆడడం అనే క్రమం అక్కడ తారుమారైంది.

ఆ ప్రదర్శనలో పాల్గొన్న డేవిడ్ ట్యూడర్ 1969లో అహమ్మదాబాదులోని జాతీయ డిజైన్ సంస్థలో మూగ్ సింథసైజరుతో ఎలక్ట్రానిక్ సంగీత స్టూడియోను నెలకొల్పడం భారతీయ పరిశోధకులు గుర్తుంచుకోదగిన విషయం. మన దేశంలో ఈ ప్రయోగాలకు అర్ధశతాబ్దానికి పైబడిన చరిత్ర ఉన్నది.

1970లలో మైరన్ క్రూగర్ ‘వీడియోప్లేస్’లో ప్రేక్షకుని నీడరూపాన్ని కెమెరాతో గ్రహించి, తెరమీది బొమ్మలతో ఆడుకొనే వీలు కల్పించాడు. కెనడా కళాకారుడు డేవిడ్ రోక్‌బీ 1980లలో రూపొందించిన ‘వెరీ నెర్వస్ సిస్టమ్’ ప్రేక్షకుని కదలికను కెమెరాతో చదివి సంగీతంగా మార్చింది. తరువాత ప్యూర్ డేటా (1996), ప్రాసెసింగ్ (2001), ఆర్డుయినో (2005) వంటి సాధనాలు వచ్చి, పెద్ద ప్రయోగశాలలకు పరిమితమైన పనిని సాధారణ కళాశాల బల్లమీదికి తెచ్చాయి. సాధనం అందుబాటులోకి రావడంతో ‘దేనితో చేయాలి’ అన్న ప్రశ్న బలహీనపడి, ‘ఏ సూత్రంతో చేయాలి’ అన్న ప్రశ్న ముందుకు వచ్చింది.

3. అనుసంధానసూత్రం: స్వరూపం

ఈ కళాకృతుల్లో సాధారణంగా నాలుగు దశలుంటాయి. సెన్సర్ భౌతికమైన మార్పును సంఖ్యగా మారుస్తుంది. ఆ సంఖ్యలోని అనవసరపు ఒడిదుడుకులను వడకడతారు. అనుసంధానసూత్రం దానికి ఒక అర్థాన్ని కేటాయిస్తుంది. చివరగా స్పీకరో, దీపమో, తెరో ఆ అర్థాన్ని ఇంద్రియగోచరం చేస్తుంది.

అనుసంధానాన్ని మూడు విధాలుగా విభజించడం పరిపాటి. ఒక చర్యకు ఒకే ఫలితం ఉండడం మొదటిది. చేయి పైకెత్తితే స్వరం పెరగడం దీనికి ఉదాహరణ. ఒక చర్య పలు ఫలితాలను కలిగించడం రెండవది. పలు చర్యలు కలిస్తేనే ఒక ఫలితం రావడం మూడవది. మొదటిది త్వరగా అర్థమవుతుంది, త్వరగానే విసుగు పుట్టిస్తుంది. మిగిలిన రెండింటికీ అభ్యాసం కావాలి. వీణపై ఒకే గమకంలో మెట్టు, లాగుడు, మీటు కలిసి పనిచేయడం మూడవ విధానికి మనకు పరిచితమైన ఉదాహరణ.

కాలవిలంబం మరొక కీలకాంశం. చర్యకూ ధ్వనికీ మధ్య జాప్యం 10 మిల్లీసెకన్లకు మించకూడదని డేవిడ్ వెస్సెల్, మాథ్యూ రైట్ 2002లో ప్రతిపాదించారు. సెకనుకు 44,100 నమూనాలు తీసుకొనే ధ్వనివ్యవస్థలో 256 నమూనాల నిల్వకే దాదాపు 5.8 మిల్లీసెకన్లు పడుతుంది. 1024 నమూనాలకు 23 మిల్లీసెకన్లు దాటుతుంది. సెకనుకు 30 చిత్రాలు తీసే కెమెరా వాడితే చిత్రానికీ చిత్రానికీ మధ్యనే 33 మిల్లీసెకన్ల ఎడం ఉంటుంది. కావున సెన్సర్ ఎంపిక కూడా కళానిర్ణయమే.

4. చలనం: సూర్యాపేట, పెద్దగట్టు జాతర

సూర్యాపేట సమీపంలోని దురాజ్‌పల్లి గుట్టపై రెండేళ్ళకొకసారి మాఘమాసంలో లింగమంతుల స్వామి జాతర జరుగుతుంది. పెద్దగట్టు జాతరగా ప్రసిద్ధమైన ఈ ఉత్సవం 2025లో ఫిబ్రవరి 16 నుండి 20 వరకు జరిగింది. గజ్జెల లాగులు ధరించిన యాదవ భక్తులు భేరీల మోత నడుమ ‘ఓ లింగా’ అని నినదిస్తూ గట్టెక్కడం ఈ జాతర ప్రత్యేకత.

గజ్జెల లాగును మాధ్యమకళ దృష్టితో పరిశీలిస్తే అది చలనాన్ని గ్రహించేదీ, ధ్వనిని పలికించేదీ కూడా. అడుగు బలాన్ని బట్టి మోత హెచ్చుతుంది. అడుగుల వేగాన్ని బట్టి దట్టమవుతుంది. నడుము ఊపును బట్టి ధ్వనిగుణం మారుతుంది. ఒక చర్య పలు ఫలితాలనిచ్చే అనుసంధానం ఇది. ఇందులో కాలవిలంబం లేదు.

దీనికి ఎదురుగా ఒక త్వరణమాపక సెన్సరును నడుముకు కట్టామనుకుందాం. అది మూడు అక్షాలలో త్వరణాన్ని సెకనుకు వందసార్లు కొలుస్తుంది. మనిషి నిశ్చలంగా నిలిచినా అది సున్నా చూపదు. గురుత్వాకర్షణ వల్ల సెకను వర్గానికి 9.8 మీటర్ల విలువ చూపుతూనే ఉంటుంది. నిశ్చలత అంటే ఏమిటో కూడా మనమే సూత్రంలో నిర్వచించాలి.

ఇప్పుడు మూడు సూత్రాలను పోల్చవచ్చు. అడుగు పడినప్పుడల్లా ముద్రితమైన గజ్జెల ధ్వని వినిపించడం మొదటిది. అసలు గజ్జె ఈ పనిని ఇంతకంటె బాగా చేస్తున్నది గనుక ఇది అనుకరణగానే మిగులుతుంది. అడుగుకూ భేరీ దెబ్బకూ మధ్య ఎడాన్ని స్వరంగా మార్చడం రెండవది. ఇది లయసూక్ష్మాన్ని వినిపిస్తుంది గాని, భక్తుణ్ణి పరీక్షకు నిలబెట్టినట్లవుతుంది. పైగా ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు ప్రయాణిస్తుంది. భేరీకి 34 మీటర్ల దూరాన ఉన్నవానికి దెబ్బ దాదాపు 100 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. అతని అడుగు ‘తప్పు’ కాదు. అతడు నిలిచిన చోటు అటువంటిది. ఇక మూడవది, కనీసం ఐదుగురి అడుగులు కలిసినప్పుడే కృతి పలకడం. ఒంటరిగా ఎంత ఎగిరినా అది మౌనంగానే ఉంటుంది.

మూడింటిలోనూ సెన్సర్ ఒకటే. మూడవ సూత్రమే జాతరలోని సామూహికతను పట్టుకున్నది. ఈ ఎంపికకు కావలసిన జ్ఞానం పరికరాల పుస్తకంలో దొరకదు. జాతరను నడిపేవారితో, ఏళ్ళ తరబడి గట్టెక్కినవారితో మాట్లాడినప్పుడే దొరుకుతుంది.

5. ధ్వని: కోదాడ, జాతీయ రహదారి

పూర్వం 9వ నంబరుగా పిలువబడి, ఇప్పుడు 65వ నంబరుగా ఉన్న జాతీయ రహదారి హైదరాబాదు నుండి సూర్యాపేట, కోదాడల మీదుగా విజయవాడ వైపు సాగుతుంది. రహదారి పక్క ఊళ్ళలో వాహనాల ధ్వని నిత్యానుభవం.

ఈ ధ్వనిలో సంగీతశాస్త్ర విద్యార్థులకు ఆసక్తి కలిగించే అంశం ఒకటున్నది. గంటకు 72 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకు 20 మీటర్లతో, వాహనం హారన్ మోగిస్తూ శ్రోతను దాటితే డాప్లర్ ప్రభావం వల్ల స్థాయి పడిపోతుంది. వచ్చేటప్పటి స్థాయికీ వెళ్ళేటప్పటి స్థాయికీ నిష్పత్తి 363/323, అనగా 1.124. ఇది 9/8 నిష్పత్తికి, అంటే చతుశ్రుతి రిషభానికీ షడ్జానికీ ఉన్న అంతరానికి, అతిసమీపం. వాహనం వేగం పెరిగేకొద్దీ ఈ అంతరమూ పెరుగుతుంది. కావున రహదారి పక్కన పెట్టిన మైక్రోఫోను వాహనవేగాన్ని స్వరాంతరంగా వినగలుగుతుంది.

దీని ఆధారంగా ఒక నమూనాను ఊహించవచ్చు. గదిలో తంబురశ్రుతి నడుస్తుంటుంది. బయటి హారన్ల స్వరాంతరం 9/8ని దాటినకొద్దీ శ్రుతి చెదురుతుంది. వేగం తగ్గితే కుదుటపడుతుంది. గదిలోని శ్రోత మెల్లగా మాట్లాడితే శ్రుతి అతని మాటకు చోటిచ్చి తగ్గుతుంది. రోడ్డు ధ్వనినీ మనిషి గొంతునూ ఒకే కొలమానంతో కొలవకుండా, ఒకదానికి ప్రతిఘటన, మరొకదానికి ఆతిథ్యం కేటాయించడం ఇక్కడి సూత్రం. 2000 నాటి శబ్దకాలుష్య నియమాల ప్రకారం నివాసప్రాంతాల్లో పగటి పరిమితి 55 డెసిబెల్స్, రాత్రి 45. ఈ అంకెలను గోడమీద రాసి చూపితే సమాచారం అవుతుంది. శ్రుతి చెదరడం వినిపిస్తే అనుభవమవుతుంది.

ఒక జాగ్రత్త అవసరం. బహిరంగస్థలంలో తెరిచిన మైక్రోఫోను బాటసారుల సంభాషణను కూడా వింటుంది. ధ్వనిని భద్రపరచకుండా, పౌనఃపున్యాల బలాన్ని మాత్రమే లెక్కించి, అసలు ధ్వనిని వెంటనే తొలగించే పద్ధతిని మొదటే నిర్ణయించుకోవాలి.

6. సెన్సర్ సమాచారం: మిర్యాలగూడ, ధాన్యపు తేమ

నాగార్జునసాగర్ ఎడమకాలువ ఆయకట్టు, రైసుమిల్లులు మిర్యాలగూడకు గుర్తింపు. ఇక్కడి రైతుకు సెన్సర్ కొత్తది కాదు. ధాన్యం అమ్మే చోట తేమ కొలిచే మిషను అతనికి చిరపరిచితం. ప్రభుత్వ కొనుగోలు ప్రమాణాల ప్రకారం ధాన్యంలో తేమ 17 శాతానికి మించరాదు. 17 వద్ద అమ్ముడుపోయే కుప్ప 18 వద్ద మళ్ళీ ఎండబెట్టవలసిన కుప్ప అవుతుంది. ఈలోగా వాన కురిస్తే ఆ అంకె ఇంకా పెరుగుతుంది.

ఇటువంటి చాలా మిషన్లు ధాన్యపు విద్యుత్ ధర్మాలను కొలిచి తేమను అంచనా వేస్తాయి. నీటి విద్యున్మాధ్యమ స్థిరాంకం గది ఉష్ణోగ్రత వద్ద 80కి దగ్గరగా ఉంటుంది. పొడిధాన్యానికి చాలా తక్కువ. నీరు పెరిగేకొద్దీ కొలత పెరుగుతుంది.

ఒక పాత్రలో ధాన్యం, అందులో సెన్సర్, పైన ప్రేక్షకుని చేయి ఉన్న కృతిని ఊహిద్దాం. తేమ శాతాన్ని స్వరస్థాయిగా మార్చడం అందరికీ మొదట తోచే సూత్రం. అప్పుడు 16, 17, 18 శాతాలు మూడు పక్కపక్క స్వరాలు. వినసొంపుగా కూడా ఉండవచ్చు. రైతు అనుభవంలో మాత్రం 17కూ 18కీ మధ్య ఉన్నది స్వరాంతరం కాదు, కొన్ని రోజుల నిరీక్షణ. నునుపైన సూత్రం ఆ నిజాన్ని చెరిపేస్తుంది. 17 దాటగానే ధ్వని ఆగిపోయి, ప్రేక్షకుడు చేయి తీసి కొన్ని నిమిషాలు వేచి ఉంటే తప్ప తిరిగి పలకని సూత్రం రాస్తే, ఆ నిరీక్షణలో స్వల్పభాగమైనా ప్రేక్షకుని శరీరానికి తెలుస్తుంది. పైగా విద్యుత్ ధర్మంపై ఆధారపడే సాధారణ సెన్సర్ ధాన్యంలోని నీటినీ, చేతిలోని నీటినీ వేరుచేయలేదు. చేయి ఆనగానే అంకె పెరుగుతుంది. ఇంజనీరు దృష్టిలో ఇది దోషం. కళాదృష్టిలో కొలిచే చేయి కూడా కొలతను మారుస్తుందన్న సత్యాన్ని చూపే అవకాశం.

7. హక్కులు, భద్రపరచడం

పై నమూనాలలో మొదటిది ఒక సముదాయపు ఆరాధనారూపాన్ని, మూడవది రైతుల జీవనసమస్యను ముడిసరుకుగా తీసుకున్నాయి. కాపీరైట్ చట్టం (1957)లోని 38వ విభాగం గాయకులు, నర్తకులు మొదలైన ప్రదర్శనకారులకు హక్కు కల్పిస్తున్నది. దానికి అనుబంధమైన నిబంధనలు ధ్వనిముద్రణ, దృశ్యముద్రణల భాషలో ఉన్నాయి. నర్తకుని త్వరణపు అంకెల పట్టిక ఆ రెండింటిలో దేనికీ సూటిగా చెందదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వ్యక్తి సమ్మతికి ప్రాధాన్యమిస్తుంది. గజ్జెల లాగు అడుగు ఒక్క వ్యక్తిది కాదు. చట్టం పూర్తిగా చేరని ఈ చోట పరిశోధకుడే లిఖితపూర్వకమైన ఒప్పందం చేసుకోవాలి. ఏ సమాచారం తీసుకున్నాం, ఎంతకాలం ఉంచుతాం, ఎక్కడ ప్రదర్శిస్తాం, వద్దన్నప్పుడు ఎలా తొలగిస్తాం అన్న నాలుగు విషయాలైనా అందులో ఉండాలి.

పరికరాల ఆయుర్దాయం కూడా స్వల్పమే. 2010లో వచ్చి ఎందరో కళాకారులకు ప్రధానసాధనమైన కినెక్ట్ కెమెరా ఉత్పత్తి 2017లో ఆగిపోయింది. దానిమీదనే ఆధారపడిన కృతులను నిలుపుకోవాలంటే, ఏ చలనానికి ఏ స్పందన ఉద్దేశించారో మాటల్లో రాసి ఉండాలి. అట్లా రాసిన అనుసంధానసూత్రాన్ని వేరొక పరికరంతో పునర్నిర్మించవచ్చు. ఆ రచన తెలుగులో, స్థానిక పదజాలంతో, ‘భేరీ దెబ్బ’, ‘గజ్జెల ఊపు’, ‘ఆరబోత’ వంటి మాటలతో జరగడం అవసరం.

8. ముగింపు

సెన్సర్ కొలుస్తుంది, కంప్యూటర్ లెక్కిస్తుంది. ఆ లెక్కకు అర్థాన్ని కేటాయించేది మనిషి. సూర్యాపేట నమూనాలో సామూహికత, కోదాడ నమూనాలో మాటకు దక్కవలసిన చోటు, మిర్యాలగూడ నమూనాలో నిరీక్షణ కేటాయించిన అర్థాలు. మూడు చోట్లా మొదట తోచిన సులభసూత్రం అనుభవాన్ని పలుచన చేసింది. స్థలాన్ని ఎరిగిన సూత్రం దానిని నిలబెట్టింది.

ఈ దృష్ట్యా కళాశాలల్లో ఎలక్ట్రానిక్స్ విభాగం పరికరాన్ని తయారుచేసి, తెలుగు విభాగాన్ని చివర పేరు పెట్టడానికి పిలవడం సరిపోదు. అనుసంధానసూత్రం రాసే దశలోనే జానపద పరిశోధకులు, సంగీతజ్ఞులు, ఆయా వృత్తుల వారు కూర్చోవాలి. తదుపరి పెద్దగట్టు జాతరకు ముందే అక్కడి పెద్దలతో సంప్రదించి, ఐదుగురి అడుగులు కలిసినప్పుడే పలికే నమూనాను వారి సమక్షంలోనే పరీక్షించడం ఈ దిశలో చేపట్టదగిన మొదటి పని. అది పలికిందో లేదో చెప్పే అధికారం గట్టెక్కినవారిదే.