పొట్టేలు పునరుత్పత్తి గ్రంథుల సమన్వయం – పత్తి చేలలో మేత ప్రభావం

2017 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం ప్రారంభించిన గొర్రెల పంపిణీ పథకంలో ఒక యూనిట్టుకు 20 ఆడ గొర్రెలను, ఒక విత్తన పొట్టేలును నిర్ణయించారు. ఈ నిష్పత్తిలోనే ఒక ప్రమాదం ఇమిడి ఉంది. ఒక గొర్రె చూడి కట్టకపోతే పోయేది ఒక్క పిల్ల. పొట్టేలు విఫలమైతే మందకు ఆ ఈత మొత్తం పోతుంది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలలో చిన్న మందలపై ఆధారపడిన గొల్ల, కురుమ కుటుంబాలకు ఇది భరించరాని నష్టం.

సస్యశాస్త్రజ్ఞునికి పొట్టేలుతో పనేమిటన్న ప్రశ్న సహజమే. ఈ మూడు జిల్లాలలోనూ పత్తి ప్రధాన వర్షాధార పంట. చివరి ఏరివేత ముగిసిన తరువాత చేలలోకి మందలను వదులుతారు. గొర్రెలు ఆకులను, విచ్చుకోని కాయలను మేస్తాయి. రాత్రి అక్కడే మందను నిలిపినందుకు పొలానికి ఎరువు దక్కుతుంది. భూసారం దృష్ట్యా ఇది మంచి ఏర్పాటు. అయితే ఆ మేత పొట్టేలు శరీరంలో ఏమి చేస్తుందో తెలుసుకోవాలంటే, ముందుగా దాని పునరుత్పత్తి గ్రంథులు కలిసి పనిచేసే తీరును గ్రహించాలి.

ఈ వ్యవస్థకు ఆజ్ఞలు మెదడు నుండి వెలువడతాయి. హైపోథాలమస్ ప్రేరణతో పీయూష గ్రంథి ఎల్.హెచ్., ఎఫ్.ఎస్.హెచ్. అనే రెండు హార్మోన్లను స్రవిస్తుంది. మొదటిది వృషణాలలోని లేడిగ్ కణాలపై పనిచేసి టెస్టోస్టిరాన్‌ను ఉత్పత్తి చేయిస్తుంది. రెండవది సెర్టోలి కణాలను ఉత్తేజపరుస్తుంది. ఎదిగే శుక్రకణాలకు పోషణను, ఆశ్రయాన్ని ఇచ్చేవి ఇవే. టెస్టోస్టిరాన్ అధికమైనప్పుడు హైపోథాలమస్, పీయూష గ్రంథి తమ స్రావాలను తగ్గించుకుంటాయి. సెర్టోలి కణాలు విడుదల చేసే ఇన్‌హిబిన్ ఎఫ్.ఎస్.హెచ్.ను అదుపులో ఉంచుతుంది.

వృషణాలు శరీర ఉష్ణోగ్రతకంటే 4 నుండి 5 డిగ్రీల సెల్సియస్ తక్కువలోనే సక్రమంగా పనిచేస్తాయి. ముష్కగోణి చర్మంలోని స్వేద గ్రంథులు, వృషణాలను పైకి లాగే, కిందికి వదిలే కండరాలు, లోనికి వెళ్ళే ధమని రక్తాన్ని చల్లబరిచే సిరల అల్లిక ఈ వ్యత్యాసాన్ని కాపాడతాయి. జనగామ ప్రాంతపు మే నెల ఎండలో నీడలేని మందలో ఈ ఏర్పాటు చాలదు.

వృషణంలో తయారైన శుక్రకణానికి చలనశక్తిగానీ, ఫలదీకరణ సామర్థ్యంగానీ ఉండవు. అవి ఎపిడిడిమిస్‌లో లభిస్తాయి. చుట్టలు చుట్టుకొని ఉన్న ఈ నాళాన్ని సాగదీస్తే పొట్టేలులో సుమారు 50 మీటర్ల పొడవుంటుంది. వృషణంలో శుక్రకణం రూపొందడానికి సుమారు 49 రోజులు, ఎపిడిడిమిస్ దాటడానికి దాదాపు రెండు వారాలు పడతాయి. అనగా జూన్ మధ్యలో గొర్రెను దాటిన పొట్టేలు అందించే శుక్రకణాల నిర్మాణం ఏప్రిల్ మధ్యలోనే మొదలైంది. విస్తరణ సిబ్బంది పొట్టేలును పరీక్షించే రోజును ఈ లెక్కతో నిర్ణయించుకోవాలి.

మిగిలిన పని అనుబంధ గ్రంథులది. శుక్రాశయ గ్రంథులు ఫ్రక్టోజ్, సిట్రిక్ ఆమ్లం కలిగిన ద్రవాన్ని ఇస్తాయి. ఫ్రక్టోజ్ శుక్రకణాలకు శక్తివనరు. పొట్టేలులో పౌరుష గ్రంథి విడి అవయవంగా కనిపించదు, మూత్రనాళం గోడలోనే వ్యాపించి ఉంటుంది. కౌపర్ గ్రంథుల స్రావం మార్గాన్ని శుభ్రపరుస్తుంది. వీర్యంలోని చక్కెర ఫ్రక్టోజ్ అని 1946లో కేంబ్రిడ్జ్‌లో థాడియస్ మాన్ నిరూపించాడు. విత్తులు కొట్టిన జంతువులో ఈ ఫ్రక్టోజ్ అదృశ్యమై, టెస్టోస్టిరాన్ ఇచ్చినప్పుడు తిరిగి కనిపిస్తుంది. అనుబంధ గ్రంథులు వృషణాల అధీనంలో పనిచేస్తాయనడానికి ఇంతకంటే స్పష్టమైన నిదర్శనం అక్కరలేదు.

క్షేత్రస్థాయిలో తరచు జరిగే పొరపాటు ఇక్కడే ఉంది. శుక్రకణాలను తయారుచేసే కణజాలం వేడికి, విషపదార్థాలకు త్వరగా దెబ్బతింటుంది. లేడిగ్ కణాలు సాధారణంగా అంతకంటే ఎక్కువ తట్టుకుంటాయి. అందువలన వంధ్యత్వం వచ్చిన పొట్టేలు కూడా ఉత్సాహంగా దాటుతూనే ఉండవచ్చు. అనుబంధ గ్రంథుల ద్రవం వస్తూనే ఉంటుంది, అందులో పనికివచ్చే శుక్రకణాలు మాత్రం ఉండవు. యజమాని గొర్రెలను తప్పుపట్టి అమ్మివేస్తాడు.

పత్తి మేతలో ఆ విషపదార్థం గాసిపోల్. పత్తిగింజను కోసినప్పుడు పప్పులో కనిపించే నల్లని చుక్కలు దాని గ్రంథులే. ఆకులలోనూ అది ఉంటుంది. 1950లలో చైనాలో ముడి పత్తిగింజల నూనె వాడిన గ్రామాలలో పురుషుల వంధ్యత్వాన్ని గమనించారు. 1970లలో అక్కడే దీనిని పురుష గర్భనిరోధకంగా పరీక్షించి, రక్తంలో పొటాషియం తగ్గడం, కొందరిలో సంతానసామర్థ్యం తిరిగి రాకపోవడం వంటి కారణాలతో విరమించారు. శుక్రకణం మధ్యభాగంలోని మైటోకాండ్రియా తొడుగును గాసిపోల్ దెబ్బతీస్తుంది. ఎదిగిన నెమరువేసే పశువుల మొదటి పొట్టలో గాసిపోల్ చాలావరకు ప్రోటీన్లతో బంధితమై హాని తగ్గుతుంది; పొట్ట ఇంకా ఎదగని పిల్లలకు ఆ రక్షణ లేదు, అధిక మోతాదులో పెద్దవాటికీ అది చాలదు.

2006లో అప్పటి వరంగల్ జిల్లాలో బీటీ పత్తి చేలలో మేసిన గొర్రెలు మరణించాయన్న ఫిర్యాదులు దేశమంతటా చర్చకు వచ్చాయి. బీటీయే కారణమన్న వాదనను జన్యు ఇంజనీరింగ్ ఆమోద కమిటీ అంగీకరించలేదు. నా దృష్టిలో ఆ చర్చ మరణాల వద్దనే ఆగిపోయింది. బీటీ అయినా కాకపోయినా పత్తిలో గాసిపోల్ ఉంటుంది. చావని పొట్టేలు సంతానసామర్థ్యం ఏమైందన్న ప్రశ్న వెనుకబడిపోయింది.

కనుక దాటించే కాలానికి కనీసం రెండు నెలల ముందుగా విత్తన పొట్టేళ్ళను మంద నుండి వేరుచేసి, పత్తి చేలకు, పత్తిగింజలకు దూరంగా ఉంచి, జొన్న చొప్పతోపాటు పచ్చిమేత ఇవ్వడం మంచిది. పచ్చిమేతలోని విటమిన్ ఇ శుక్రకణాలకు రక్షణనిస్తుంది. దాణాలో పత్తి చెక్క తప్పనిసరి అయితే, బాగా వేడిచేసి నూనె తీసిన చెక్కలో స్వేచ్ఛా గాసిపోల్ తక్కువని గుర్తించాలి. మధ్యాహ్నం నీడ తప్పనిసరి. వృషణాలు రెండూ సమానంగా, గట్టిగా, కదిలేవిగా ఉన్నాయా అని చేతితో తడిమి చూడాలి. ముష్కగోణి చుట్టుకొలతను టేపుతో కొలిచి నమోదు చేయాలి. ఎపిడిడిమిస్ తోక భాగం వాచి గడ్డకట్టినట్లుంటే బ్రుసెల్లా అనుమానంతో పశువైద్యునికి చూపాలి. సందేహం ఉన్నచోట వీర్య పరీక్షకు మామునూరు పశువైద్య కళాశాలను సంప్రదించవచ్చు. మేత మార్చిన వెంటనే ఫలితం ఆశించరాదు; మార్పు తరువాత రూపొందిన శుక్రకణాలు బయటికి రావడానికి మళ్ళీ అవే సుమారు 63 రోజులు పడతాయి.