మండళ్లు – కమిషన్లు

రాష్ట్ర పరిపాలన అనగానే ముఖ్యమంత్రి, మంత్రులు, శాసనసభ్యులు గుర్తుకు వస్తారు. వారిని ఎన్నుకొనేది ప్రజలు. ఆ తరువాత సచివాలయం, కలెక్టరు కార్యాలయం, తాలూకా కచేరీ కళ్లముందు మెదలుతాయి. వాటిలో పనిచేసేవారు జీతం తీసుకొనే ఉద్యోగులు. ఈ రెండు వర్గాలకూ పూర్తిగా చెందనివారు మరికొందరు ఉన్నారు. వారు ఎన్నికలలో నిలబడరు. పోటీ పరీక్ష రాసి ఆ పదవికి రారు. గవర్నరు గాని, ప్రభుత్వం గాని ఒక ఉత్తర్వు ద్వారా వారిని కొంతకాలానికి నియమిస్తారు. మండళ్లలో, కమిషన్లలో, కార్పొరేషన్లలో అధ్యక్షులుగా, సభ్యులుగా కూర్చొనేది వారే.

వారి పని మన నిత్యజీవితానికి దూరమైనదేమీ కాదు. ఇంట్లో వెలిగే దీపానికి యూనిట్‌కు ఎంత చెల్లించాలో నిర్ణయించేది విద్యుత్ నియంత్రణ కమిషన్. ఊరి వాగులోకి కర్మాగారం మురుగు వదిలితే అడ్డుకోవలసింది కాలుష్య నియంత్రణ మండలి. పంచాయతీకి ఎన్నికలు జరిపేది రాష్ట్ర ఎన్నికల సంఘం. చదువు ముగించిన యువకులు ప్రభుత్వోద్యోగానికి రాసే పరీక్షలను నిర్వహించేది పబ్లిక్ సర్వీస్ కమిషన్. తమిళనాట బడిపిల్లల చేతికి వచ్చే పాఠ్యపుస్తకాలను అచ్చువేయించడానికి కూడా 1970లో ప్రత్యేకంగా ఒక సంస్థ ఏర్పడింది.

ఈ సంస్థలన్నీ ఒకే విధంగా పుట్టినవి కావు. పుట్టుకను బట్టి వీటిని మూడు రకాలుగా విభజించవచ్చు. మొదటి రకం రాజ్యాంగమే నిర్దేశించినవి. పబ్లిక్ సర్వీస్ కమిషన్, రాష్ట్ర ఎన్నికల సంఘం, స్థానిక సంస్థల నిధుల పంపకంపై అయిదేళ్లకొకసారి సిఫారసు చేసే రాష్ట్ర ఆర్థిక సంఘం ఈ కోవలోనివి. రెండవ రకం చట్టసభలు చేసిన చట్టాల వల్ల ఏర్పడినవి. 1974 నాటి జలకాలుష్య నివారణ చట్టం వల్ల కాలుష్య నియంత్రణ మండళ్లు, 1993 నాటి చట్టం వల్ల మానవ హక్కుల కమిషన్లు, 2005 నాటి సమాచార హక్కు చట్టం వల్ల సమాచార కమిషన్లు వచ్చాయి. మూడవ రకం కేవలం ప్రభుత్వ ఉత్తర్వుతో ఏర్పడేవి. 1972లో కర్ణాటక ప్రభుత్వం వెనుకబడిన తరగతుల స్థితిగతులను పరిశీలించడానికి ఎల్.జి. హావనూరు అధ్యక్షతన నియమించిన కమిషన్ ఇటువంటిది. అది 1975లో నివేదిక సమర్పించింది. అప్పగించిన పని ముగియగానే ఇటువంటి కమిషన్ కూడా ముగిసిపోతుంది.

ఈ తేడా పైకి చిన్నదిగా కనిపించినా దాని ఫలితం పెద్దది. ఒక ఉత్తర్వుతో పుట్టిన సంస్థను మరొక ఉత్తర్వుతో రద్దు చేయవచ్చు. చట్టంతో పుట్టినదానిని రద్దు చేయాలంటే శాసనసభలో చర్చ జరగాలి. రాజ్యాంగంతో పుట్టినదానిని ఏ రాష్ట్ర ప్రభుత్వమూ రద్దు చేయలేదు. కనుక ఒక సంస్థ ఎంత ధైర్యంగా పనిచేయగలదన్నది చాలావరకు దాని పుట్టుకలోనే ఉంది.

ప్రజలు ఎన్నుకొన్న ప్రభుత్వం ఉండగా, ఎన్నిక కానివారి చేతికి ఇంత అధికారం ఎందుకివ్వాలి? ఇది సహజంగా కలిగే ప్రశ్న. దీనికి జవాబు సర్వీస్ కమిషన్ల చరిత్రలో దొరుకుతుంది. ఉద్యోగాలిచ్చే అధికారం పాలకుల చేతిలోనే ఉంటే అవి బంధువులకో, అనుచరులకో దక్కే ప్రమాదమున్నది. అందుచేత ఉద్యోగాల ఎంపికను పాలకులకు కొంత ఎడంగా ఉండే సంఘానికి అప్పగించాలన్న ఆలోచన బలపడింది. 1926లో కేంద్రంలో పబ్లిక్ సర్వీస్ కమిషన్ ఏర్పడింది. రాష్ట్రాల స్థాయిలో ఈ బాటలో మొదట నడిచినది మద్రాసు. 1929లో మద్రాసు శాసనమండలి చేసిన చట్టం ప్రకారం అధ్యక్షునితో కలిపి ముగ్గురు సభ్యులతో మద్రాసు సర్వీస్ కమిషన్ ఏర్పడింది. తెలుగు జిల్లాలు అనేకం నాడు ఆ రాష్ట్రంలోనే ఉండేవి. నెల్లూరు విద్యార్థి, మధుర విద్యార్థి, మలబారు విద్యార్థి ఒకే సంఘం ఎదుట నిలిచేవారు.

స్వాతంత్ర్యానంతరం మన రాజ్యాంగ నిర్మాతలు ప్రతి రాష్ట్రానికీ ఇటువంటి కమిషన్ ఉండాలని 315వ అధికరణంలో నిర్దేశించారు. ఒడిశా కమిషన్ 1949లో, మైసూరు కమిషన్ 1951లో, మహారాష్ట్ర కమిషన్ 1960లో ఏర్పడ్డాయి. 1953లో ఆంధ్రరాష్ట్రం అవతరించినప్పుడు దానికీ వేరుగా కమిషన్ వచ్చింది. 2014లో తెలంగాణ ఏర్పడినప్పుడు కూడా అంతే.

సభ్యుడు నిర్భయంగా పనిచేయాలంటే కేవలం మంచివాడైతే చాలదు. అతనికి రక్షణ కూడా కావాలి. ఆ రక్షణలను రాజ్యాంగం ఎంతో ముందుచూపుతో ఏర్పరచింది. రాష్ట్ర సర్వీస్ కమిషన్ సభ్యులను నియమించేది గవర్నరు. వారి పదవీకాలం ఆరేళ్లు, లేదా 62 ఏళ్ల వయస్సు నిండేవరకు. వీటిలో ఏది ముందైతే అది. సుమారు సగంమంది సభ్యులు ప్రభుత్వ సేవలో కనీసం పదేళ్లు గడిపినవారై ఉండాలి. నియమించిన గవర్నరుకు సైతం వారిని తొలగించే అధికారం లేదు. దుష్ప్రవర్తన ఆరోపణ వస్తే రాష్ట్రపతి దానిని సుప్రీంకోర్టుకు నివేదించి, ఆ కోర్టు విచారించి దోషమున్నదని చెప్పిన తరువాతే తొలగించాలి. కమిషన్ ఖర్చులు రాష్ట్ర సంచిత నిధి నుంచి నేరుగా చెల్లుతాయి; వాటిపై శాసనసభలో ఓటింగు ఉండదు. అన్నిటికంటె ముఖ్యమైనది మరొకటి ఉన్నది. పదవీకాలం ముగిసిన తరువాత అధ్యక్షుడు సర్వీస్ కమిషన్లలో తప్ప మరే ప్రభుత్వోద్యోగమూ చేయరాదు. రేపు దొరకబోయే పదవిపై ఆశ ఉన్నవాడు నేడు తీర్పరిగా ఉండలేడన్న లోకానుభవమే ఈ నియమానికి మూలం.

ఇన్ని రక్షణలున్నా ఒక లోటు మిగిలిపోయింది. సభ్యుడయ్యే వ్యక్తికి ఉండవలసిన విద్యార్హతలను గాని, అతనిని వెదికి ఎంపిక చేసే పద్ధతిని గాని రాజ్యాంగం వివరించలేదు. అంతమాత్రాన ఎవరినైనా నియమించవచ్చునా? కూడదని న్యాయస్థానాలు చెప్పాయి. పంజాబ్ సర్వీస్ కమిషన్ అధ్యక్షుని నియామకాన్ని అక్కడి హైకోర్టు కొట్టివేయగా, 2013లో సుప్రీంకోర్టు దానిని సమర్థించింది. యోగ్యత, నిజాయితీ పరిశీలించకుండా చేసిన నియామకం చెల్లదని ఆ తీర్పు సారాంశం. తమిళనాడులో 2016 జనవరిలో పదకొండుమంది సభ్యులను నియమించగా, ఎంపిక తీరు సరిగా లేదని అదే ఏడాది డిసెంబరులో మద్రాసు హైకోర్టు ఆ నియామకాలను రద్దు చేసింది. పరీక్ష పెట్టేవారికే పరీక్ష వచ్చిన సందర్భాలివి.

రాష్ట్ర ఎన్నికల సంఘం విషయంలో ఇటువంటి పరీక్ష 2020లో ఆంధ్రప్రదేశ్‌లో ఎదురైంది. 243కె అధికరణం ప్రకారం రాష్ట్ర ఎన్నికల కమిషనర్‌ను గవర్నరు నియమిస్తారు. తొలగించాలంటే మాత్రం హైకోర్టు న్యాయమూర్తిని తొలగించే పద్ధతినే పాటించాలి. నియామకం జరిగిన తరువాత అతని సేవానిబంధనలను అతనికి నష్టం కలిగేటట్లు మార్చరాదు. ఆ సంవత్సరం మార్చిలో కోవిడ్ వ్యాధి కారణంగా కమిషనర్ స్థానిక ఎన్నికలను వాయిదా వేశారు. ప్రభుత్వానికి అది సమ్మతం కాలేదు. ఏప్రిల్‌లో వెలువడిన ఒక ఆర్డినెన్సు కమిషనర్ పదవీకాలాన్ని అయిదేళ్ల నుంచి మూడేళ్లకు కుదించింది. దానితో అప్పటి కమిషనర్ పదవి పోయి, వేరొకరు నియమితులయ్యారు. వ్యవహారం హైకోర్టుకు చేరింది. మే 29న హైకోర్టు ఆ ఆర్డినెన్సును కొట్టివేసింది. జులై నెలాఖరులో పాత కమిషనర్ తిరిగి పదవిలోకి వచ్చారు. 2021 ఫిబ్రవరిలో పంచాయతీ ఎన్నికలు ఆయన ఆధ్వర్యంలోనే జరిగాయి. తలుపు మూసి ఉన్నప్పుడు కిటికీ గుండా తొలగించినా అది తొలగించడమేనని ఈ ఉదంతం తెలియజేస్తున్నది.

అదే 2021 మార్చిలో గోవా కేసులో సుప్రీంకోర్టు మరొక సూత్రాన్ని స్పష్టం చేసింది. అక్కడ ప్రభుత్వ న్యాయశాఖ కార్యదర్శికే ఎన్నికల కమిషనర్ బాధ్యతను అదనంగా అప్పగించారు. ప్రభుత్వం కింద ఉద్యోగం చేస్తున్నవారు రాష్ట్ర ఎన్నికల కమిషనర్‌గా ఉండరాదని కోర్టు చెప్పింది. ఒకే మనిషి ఉదయం ప్రభుత్వానికి సలహాదారుగా, సాయంత్రం ప్రభుత్వంపై నిఘాదారుగా ఉండటం సాధ్యం కాదు గదా!

కొన్ని సంస్థలలో స్వతంత్రతతోపాటు నైపుణ్యం కూడా అవసరం. విద్యుత్తు ధర ఇందుకు ఉదాహరణ. ధర తగ్గిస్తే వినియోగదారుకు సంతోషం. కాని సరఫరా సంస్థ నష్టపోతే తీగలు మార్చేవారు, ట్రాన్స్‌ఫార్మర్లు బాగుచేసేవారు ఉండరు. ఈ తూకం నిలిపే పనిని ప్రత్యేక కమిషన్‌కు అప్పగించిన మొదటి రాష్ట్రం ఒడిశా. 1995లో చట్టం చేసి, 1996లో కమిషన్‌ను ఏర్పాటు చేసింది. తరువాత 2003 నాటి విద్యుత్ చట్టం అన్ని రాష్ట్రాలకూ వర్తించే నిబంధనలు తెచ్చింది. సభ్యులను ఎంపిక చేయటానికి హైకోర్టు మాజీ న్యాయమూర్తి అధ్యక్షతన ముగ్గురితో ఒక సంఘం ఉంటుంది. ఆ సంఘం ఒక్కొక్క ఖాళీకి రెండేసి పేర్లు సూచిస్తుంది. పదవీకాలం అయిదేళ్లు. ధర మార్చాలనే దరఖాస్తును పత్రికలలో ప్రకటించి, ప్రజల అభ్యంతరాలు విన్న తరువాతే కమిషన్ నిర్ణయం చేయాలి. బావికి మోటారు పెట్టుకొన్న రైతయినా ఆ విచారణకు వెళ్లి తన మాట చెప్పుకోవచ్చు.

కాలుష్య నియంత్రణ మండలికీ ఇటువంటి నైపుణ్యమే కావాలి. మండలి ఉన్నంత మాత్రాన నీరు శుభ్రపడదు. పాలారు పరీవాహక ప్రాంతంలో తోళ్ల పరిశ్రమల మురుగు వల్ల పొలాలు, బావులు పాడైపోగా ప్రజలు సుప్రీంకోర్టుకు వెళ్లవలసి వచ్చింది. 1996లో ఆ కోర్టు, కాలుష్యం చేసినవారే నష్టపరిహారం చెల్లించాలని తీర్పు చెప్పింది. మండలి అధ్యక్షులుగా, సభ్యులుగా విషయజ్ఞానం లేనివారిని నియమించే అలవాటుపై 2017లో సుప్రీంకోర్టు ఆవేదన వ్యక్తం చేసి, అర్హతల విషయమై ఆరు నెలలలో నియమాలు చేసుకోవాలని రాష్ట్రాలను ఆదేశించింది.

ఇట్లాంటి అలవాటు ఎందుకు ఏర్పడిందో కూడా తెలుసుకోవాలి. 2003లో జరిగిన 91వ రాజ్యాంగ సవరణ ప్రకారం మంత్రుల సంఖ్య శాసనసభ్యుల సంఖ్యలో 15 శాతానికి మించరాదు. చిన్న రాష్ట్రాలకు మాత్రం కనీస సంఖ్య విషయంలో కొంత సడలింపు ఉన్నది. మంత్రిపదవి ఆశించి దక్కనివారిని కార్పొరేషన్ అధ్యక్షులుగా నియమించి సంతృప్తిపరచటం అన్ని పక్షాల ప్రభుత్వాలూ చేస్తున్న పనే. వీటిని జనం ‘నామినేటెడ్ పదవులు’ అంటారు. నామినేట్ కావటం తప్పు కాదు. పనిని బట్టి మనిషిని వెదకటం మాని, మనిషిని బట్టి పదవిని వెదకటమే తప్పు. ఆ విధంగా వచ్చినవారు కాపలా కాయవలసిన చోట కాపలా కాయకపోతే కంచే చేను మేసినట్లవుతుంది.

తగనివారిని నియమించటం ఒక లోపమైతే, అసలు ఎవరినీ నియమించకపోవటం మరొక లోపం. తెలంగాణ సమాచార కమిషన్‌లో 2023 ఫిబ్రవరి నుంచి రెండేళ్లకు పైగా ఒక్క కమిషనర్ కూడా లేరు. చట్టం ఉంది, కార్యాలయం ఉంది, అర్జీలు చేరుతున్నాయి. విని తీర్పు చెప్పేవారే లేరు. 2025 మే నెలలో గాని ఆ పదవి భర్తీ కాలేదు. ఖాళీ కుర్చీ కూడా ఒక విధమైన నిర్ణయమే. దానివల్ల నష్టపోయేది అర్జీ పెట్టుకొన్న సామాన్యుడు.

అన్ని సంస్థలకూ ఆజ్ఞాపించే అధికారం ఉండదు. కొన్ని సలహా మాత్రమే ఇస్తాయి. సర్వీస్ కమిషన్ సలహాను ప్రభుత్వం తోసిపుచ్చవచ్చు. అయితే ఎందుకు తోసిపుచ్చిందో కారణాలు రాసి, కమిషన్ వార్షిక నివేదికతో పాటు శాసనసభ ముందు ఉంచాలి. కారణం చెప్పవలసి రావటమే ఒక కట్టడి.

మాతృభాషలో చదువుకొనే అల్పసంఖ్యాక భాషల పిల్లలకు సంబంధించిన ఏర్పాటు కూడా ఇటువంటిదే. రాష్ట్రాల సరిహద్దులు ఎక్కడ గీసినా అవతలి భాషవారు ఇవతల కొందరు మిగులుతారు. భాషాప్రాతిపదికపై రాష్ట్రాలు ఏర్పడినప్పుడు హోసూరులో, బళ్లారిలో, బరంపురంలో తెలుగువారు అట్లాగే మిగిలారు. ఇటువంటివారి కోసమే 1956లో ఏడవ సవరణ ద్వారా 350ఎ, 350బి అధికరణాలు రాజ్యాంగంలో చేరాయి. మొదటిది ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యాలు కల్పించాలంటున్నది. రెండవది ఆ రక్షణల అమలును పరిశీలించడానికి రాష్ట్రపతి ఒక ప్రత్యేకాధికారిని నియమించాలంటున్నది. బడి మొత్తంలో 40 మంది గాని, ఒక తరగతిలో 10 మంది గాని పిల్లలుంటే వారి భాషలో ఉపాధ్యాయుని నియమించాలని 1949లోనే విద్యామంత్రుల సమావేశం అంగీకరించింది. ప్రత్యేకాధికారి ఉపాధ్యాయుని స్వయంగా నియమించలేరు. రాష్ట్రాలను ప్రశ్నించి, లోపాలను నివేదికలో నమోదు చేయగలరు. ఆ నివేదిక పార్లమెంటు ముందుకు వస్తుంది. రాష్ట్ర ప్రభుత్వాలకూ చేరుతుంది. కాని ఏ బడిలో ఎందరు పిల్లలున్నారో, ఎన్ని ఖాళీలున్నాయో బడి నుంచి, ఊరి నుంచి చెప్పేవారుంటేనే ఆ నివేదికకు బలం.

ఏ సంస్థకైనా ఈ మాట వర్తిస్తుంది. రాజ్యాంగం కుర్చీ వేస్తుంది. ప్రభుత్వం అందులో మనిషిని కూర్చోబెడుతుంది. ఆ మనిషి ఎవరు, ఏ అర్హతతో వచ్చాడు, ఏమి చేస్తున్నాడు అని అడిగే బాధ్యత పౌరులది. విచారణకు వెళ్లేవారు, అర్జీ రాసేవారు, నివేదిక చదివేవారు ఉన్నచోట నియమితులైనవారు తమను నియమించినవారికి కాక, తాము ఎవరికోసం నియమితులైనారో వారికి జవాబుదారులుగా ఉంటారు.