సవ్యసాచి – కుడి ఎడమల ధర్మసూక్ష్మం



గత పర్యాయం ప్రవచనం ముగిసి తీర్థప్రసాద వినియోగం జరుగుతున్న వేళ చిన్న సంఘటన ఒకటి నా కంటబడినది. ఆరేండ్ల బాలిక ఒకతె తల్లి వెంట వరుసలో నిలుచున్నది. తన వంతు రాగానే భక్తితో ఎడమచేయి చాపినది. వెనుకనున్న పెద్దమనిషి ఒకరు "ఎడమచేత తీర్థమా! ఎంత అపచారం! చేయి మార్చు" అని గద్దించినారు. ఆ పిల్ల బెదరి రెండు చేతులూ వెనుకకు దాచుకొన్నది. తీర్థం పుచ్చుకొనకుండానే తల్లి కొంగు పట్టుకొని వెళ్ళిపోయినది.

మండపం ఖాళీ అయిన తరువాత ఆ తల్లి నా వద్దకు వచ్చి కన్నీరు పెట్టుకొన్నది. "అయ్యగారూ! మా అమ్మాయిది పుట్టుకతోనే పుర్రచేతివాటం. వ్రాత, బొమ్మలు వేయడం, బంతి విసరడం అన్నీ ఎడమచేతనే. మా అత్తగారు చేయి కట్టివేయమంటున్నారు. బడిలో పంతులమ్మ ముట్టుకోవద్దంటున్నది. ఇది పాపమా? నేను కడుపుతో ఉన్నప్పుడు చేసిన దోషమేమైనా ఉన్నదా?" అని అడిగినది. ఆ తల్లికి అప్పుడు క్లుప్తంగా సమాధానం చెప్పినాను. ఇటువంటి బిడ్డలు అనేక గృహాలలో ఉన్నారు కనుక ఆ విషయమే నేడు విస్తరించి మనవి చేస్తున్నాను.

ముందుగా మాటల సంగతి చూతము. మన తెలుగులో కుడికి 'వల' అనీ, ఎడమకు 'డా' అనీ ప్రాచీన నామములు. వలకేలు అనగా కుడిచేయి, డాకేలు అనగా ఎడమచేయి. సేద్యం చేసేవారు నేటికీ కాడికి కుడివైపు కట్టే ఎద్దును వలపటి ఎద్దు అనీ, ఎడమవైపు కట్టేదానిని దాపటి ఎద్దు అనీ అంటారు. దాపటి ఎద్దు అశుభమని ఏ రైతూ దానిని కాడి నుండి విప్పివేయడు. రెండూ కలిసి నడిస్తేనే చాలు సాగుతుంది.

సంస్కృతంలో కుడికి 'దక్షిణ' అని పేరు. తూర్పుముఖంగా నిలిచినవానికి కుడివైపున ఉండే దిక్కు దక్షిణదిక్కు. దక్షత అనగా సామర్థ్యం. అధికసంఖ్యాకులకు ఆ చేతిలోనే నేర్పు ఉండడం వలన ఆ పేరు దానికి తగి ఉన్నది. ఎడమకు 'వామ' అని పేరు. అయితే వామ శబ్దానికి సుందరమనే అర్థం కూడ కలదు. స్త్రీని వామలోచన అన్నప్పుడు అందమైన కన్నులు గలది అని భావం. పరమేశ్వరుని పంచముఖములలో ఒకటి వామదేవం. ఎడమ అనగానే అమంగళమని ముఖం చిట్లించేవారు ఈ పేరును స్మరించవలెను.

ఇంకొక శబ్దం 'సవ్యం'. అమరకోశం సవ్యమనగా ఎడమ అనీ, అపసవ్యమనగా కుడి అనీ చెప్పుచున్నది. దేవకార్యంలో యజ్ఞోపవీతం ఎడమభుజం మీద ఉంటుంది. అది సవ్యం. పితృకార్యంలో కుడిభుజం మీదికి మార్చుకొంటాము. అది అపసవ్యం. ఈ వాడుక నుండియే తెలుగులో 'పని సవ్యంగా జరిగినది' అనే పలుకుబడి వచ్చినది. ఎడమ అనే అర్థం గల మాటతోనే మనం 'సరిగా, క్రమంగా' అనే భావం చెప్పుకొంటున్నాము! భాష ఎడమను ఎన్నడూ నిందించలేదనడానికి ఇంతకన్న నిదర్శనమేమి కావలెను?

ఇక శాస్త్రం ఏమి చెప్పినదో చూతము. ఆచమనం, హోమం, దానం, భోజనం, తీర్థప్రసాద స్వీకారం, ఇవి కుడిచేత చేయవలెనని మన ఆచారం. మనుస్మృతి రెండవ అధ్యాయం కుడిచేతిలో దైవస్థానములను నిర్దేశించినది. బొటనవ్రేలి మూలం బ్రాహ్మతీర్థం, చిటికెనవ్రేలి మూలం ప్రాజాపత్యతీర్థం, వ్రేళ్ళ కొనలు దేవతీర్థం, బొటనవ్రేలికీ చూపుడువ్రేలికీ నడుమ పితృతీర్థం. శరీరశుద్ధికి ఎడమచేయి, అన్నానికి కుడిచేయి అనే విభాగంలో శౌచదృష్టి ఉన్నది. ఒక చేతిని మలినకార్యానికి వినియోగించినప్పుడు రెండవదానిని అన్నానికి వేరుగా ఉంచడం వివేకమే. ఈ ఆచారాన్ని నేను తక్కువ చేసి మాట్లాడడం లేదు. డెబ్బది ఏండ్లు దాటిన ఈ వయస్సులోను దానినే పాటిస్తున్నాను.

కాని విధి ఏ కర్మకు చెప్పబడినదో ఆ కర్మకే పరిమితం. విధి లేనిచోట దానిని లాగి తగిలించడం శాస్త్రజ్ఞుల పద్ధతి కాదు. పలక మీద ఏ చేత వ్రాయవలెను, కూర ఏ చేత తరగవలెను, ముగ్గు ఏ చేత వేయవలెను, బంతి ఏ చేత విసరవలెను అని ధర్మశాస్త్రం శాసించలేదు. అక్కడ మనుష్యునికి స్వేచ్ఛ ఉన్నది. పూజావిధిని బడిపలక మీదికి తెచ్చి, పసివాని వ్రేళ్ళ మీద బెత్తంతో కొట్టడం శాస్త్రం కాదు, మన తొందరపాటు.

మరి పూజలో ఎడమచేతికి పని లేదా? అర్చకస్వామి కుడిచేత హారతి ఇస్తుంటే ఘంట మ్రోగించేది ఎడమచేయి. సంధ్యావందనంలో అర్ఘ్యం ఇచ్చేది రెండు చేతుల దోసిలితో. నమస్కారానికి అంజలి పట్టవలెనంటే రెండు అరచేతులూ కలియవలెను, ఒంటిచేతి నమస్కారం నమస్కారమే కాదు. గురుపాదములకు మ్రొక్కే విధానం మనువు చెప్పినాడు. చేతులు ఒకదానిపై నొకటి అడ్డంగా మార్చి, కుడిచేత గురువు కుడిపాదమును, ఎడమచేత ఎడమపాదమును స్పృశించవలెను. గురుపాదస్పర్శకు అర్హమైన చేయి అపవిత్రమని ఎట్లు అనగలము?

దేవతామూర్తులను చూడండి. తిరుమలలో శ్రీనివాసుడు కుడిచేత చక్రం ధరించినాడు, ఎడమచేత శంఖం ధరించినాడు. కుడి వరదహస్తం పాదములను చూపుతూ ఉంటే, ఎడమహస్తం కటిమీద నిలిచియున్నది. చిదంబరంలో నటరాజస్వామి భక్తులకు శరణ్యంగా ఎత్తి చూపే పాదం ఎడమపాదం. మధురలోని మీనాక్షీ సుందరేశ్వరాలయంలో, వెండి అంబలంలో, అదే స్వామి కాలు మార్చి కుడిపాదం ఎత్తి నర్తిస్తున్నాడు. రెండూ ఆయన తాండవమే, రెంటికీ మ్రొక్కుతున్నాము. రాజస్థానంలోని నాథద్వారంలో గోవర్ధనధారి అయిన శ్రీనాథజీ పైకెత్తిన చేయి ఎడమచేయి. అర్ధనారీశ్వరునిలో ఎడమభాగం సాక్షాత్తు అమ్మవారిదే. సుందరకాండలో హనుమంతుడు కనబడబోయే ముందు సీతమ్మకు శుభసూచకంగా అదిరినవి ఎడమకన్ను, ఎడమభుజం, ఎడమతొడ.

ఇప్పుడు ముఖ్యమైన ఘట్టానికి వస్తున్నాను. ఉరుములు ఉరిమినప్పుడు మన ఇండ్లలో పెద్దలు పిల్లలచేత అర్జునుని నామములు చెప్పించడం మీకందరికీ తెలుసును. ఆ పది నామములలో తొమ్మిదవది సవ్యసాచి. విరాటపర్వంలో జమ్మిచెట్టు వద్ద బృహన్నల తానే అర్జునుడనని చెప్పగా ఉత్తరుడు నమ్మలేదు. అర్జునుని పది పేర్లూ, ఆ పేర్లు వచ్చిన కారణములూ చెప్పమన్నాడు. అర్జునుడు ఒక్కొక్కటే వివరించినాడు. గాండీవాన్ని లాగడంలో తన రెండు చేతులూ సమర్థములు కనుక దేవమనుష్యులు తనను సవ్యసాచి అంటారని చెప్పినాడు.

ఈ నామంలోని సూక్ష్మం గమనించండి. కుడిచేత నారి లాగడం ప్రతి విలుకాడూ చేసేదే. దానికి వేరే బిరుదు అక్కరలేదు. అందుకే ఈ పేరులో దక్షిణ శబ్దం లేదు, సవ్య శబ్దమే ఉన్నది. ఎడమచేతను కూడ బాణం సంధించగలవాడు సవ్యసాచి. అనగా లోకం పొగడినది ఆ మహావీరుని ఎడమచేతి నేర్పును! గీత పదునొకండవ అధ్యాయంలో, ముప్పదిమూడవ శ్లోకంలో, నీవు నిమిత్తమాత్రుడవు కమ్మని ఉపదేశించేటప్పుడు భగవానుడు ఏరి కోరి ఈ పేరుతోనే పిలిచినాడు. రెండు చేతుల నేర్పు నీదైనను, చేయించేది నేనే అని హెచ్చరిక. ఏ చేయి అనే గర్వానికిగాని, ఏ చేయి అనే సిగ్గుకుగాని అక్కడ తావు లేదు.

ఈ కాలపు వైద్యశాస్త్రం కూడ దీనికి విరుద్ధం కాదు. లోకంలో సుమారు పదిమందిలో ఒకరిది ఎడమచేతి వాటం. రెండు చేతులూ సమానంగా ఆడేవారు చాల అరుదు. మెదడులోని ఎడమభాగం శరీరపు కుడివైపును, కుడిభాగం ఎడమవైపును నడుపుతుంది. గర్భస్థశిశువులు ఏ బొటనవ్రేలు చప్పరిస్తున్నారో యంత్రం ద్వారా చూచి, వారు పెరిగిన తరువాత మరల పరిశీలించినారు. కుడివ్రేలు చప్పరించినవారు కుడిచేతి వాటం వారే అయినారు. ఎడమవ్రేలు చప్పరించినవారిలో ఎక్కువమంది ఎడమచేతి వాటం వారైనారు. ఇది కొంత వంశానుగతం, కాని తల్లిదండ్రులిద్దరూ కుడిచేతి వాటం వారైనను బిడ్డకు ఎడమచేతి వాటం రావచ్చును. కనుక అమ్మా, కడుపుతో ఉన్నప్పుడు నీవు చేసిన దోషమేదీ లేదు. అది బిడ్డతోపాటు వచ్చిన స్వభావం.

అభ్యాసంచేత రెండవ చేతికి కూడ నేర్పు వస్తుందనడానికి సమీపకాలపు దృష్టాంతం ఒకటి ఉన్నది. 1909 నవంబరులో గాంధీమహాత్ముడు లండను నుండి దక్షిణాఫ్రికాకు ఓడలో వెళ్ళుతూ 'హింద్ స్వరాజ్' రచించినారు. కుడిచేయి అలసిపోతే ఎడమచేత వ్రాసినారు. 275 పుటల ఆ వ్రాతప్రతిలో 40 పుటలు ఎడమచేతి వ్రాత. కాని అది ఎవరో కట్టి, కొట్టి నేర్పినది కాదు. తన పని ఆగరాదని తాను పూనుకొన్నది.

ఇక నా తప్పు ఒకటి మీ ముందు చెప్పుకొనవలెను. దాదాపు నలుబది ఏండ్ల క్రిందట నేను పాఠం చెప్పే రోజులలో ఎనిమిదేండ్ల వటువు ఒకడు అధ్యయనానికి వచ్చినాడు. చక్కని కంఠం, గట్టి ధారణ. ఎడమచేతి వాటం. విస్తరి ముందు కూర్చుంటే మరచిపోయి ఎడమచేయి సాచేవాడు. రెండుమారులు చెప్పి చూచినాను. మూడవనాడు ఉత్తరీయంతో ఆ చేతిని వీపునకు కట్టించినాను. కొన్ని నెలలు అట్లే జరిగినది. తోటివారు నవ్వేవారు, నేను వారించలేదు. వాడు కుడిచేత భోజనం నేర్చినాడు, నిజమే. కాని పంక్తిలో అందరికన్న ముందు లేచిపోయేవాడు. సంతలో కూర్చున్నప్పుడు కంఠం పైకి రావడం మానినది. సంవత్సరం తిరుగకుండానే తండ్రి వచ్చి తీసుకొనిపోయినాడు. చేతిని దిద్దినాననుకొన్నాను, వేదాన్ని వానికి దూరం చేసినాను.

చాల కాలానికి ఒక ఆలయంలో నడివయస్సు గృహస్థు ఒకరు వచ్చి సాష్టాంగపడినారు. వాడే! అక్షతలు వేసి క్షేమం అడిగినాను. కొంతసేపు మౌనంగా ఉండి "గురువుగారూ! మా పిల్లవాడిది కూడ నా వాటమే. కట్టమంటారా?" అని అడిగినాడు. ఆ ప్రశ్నలో ఎత్తిపొడుపు లేదు. గురువు చెప్పినది శాస్త్రమేనని వాడు నిజంగా నమ్మియున్నాడు. నాకు అదే ఎక్కువ బాధ కలిగించినది. "వద్దు నాయనా! నిన్ను కట్టించడమే నేను చేసిన పొరపాటు" అని చెప్పగలిగినాను. ఆ మాట చెప్పడానికి నాకు అన్ని ఏండ్లు పట్టినది.

కనుక ఆ తల్లికి చెప్పినదే మీకందరికీ చెప్పుచున్నాను. అక్షరాభ్యాసంనాడు బియ్యంలో బిడ్డ కుడిచేయి పట్టి వ్రాయించండి, అది కర్మ. మరునాటి నుండి పలక మీద బిడ్డ ఏ చేత వ్రాస్తే ఆ చేతనే వ్రాయనీయండి, అది విద్య. బడిలో బల్లకు ఎడమ చివర కూర్చుండబెట్టమని అడగండి, ప్రక్కవారి మోచేయి తగులదు. అన్నం కుడిచేత తినడం కథ చెప్పుతూ, ముద్ద కలిపి పెట్టుతూ నేర్పండి. మరచిపోతే మరల చెప్పండి, విస్తరి ముందు కొట్టవద్దు, ఎగతాళి చేయవద్దు. తీర్థానికి కుడి అరచేతి క్రింద ఎడమ అరచేతిని ఆనించి రెండు చేతులూ కలిపి పట్టడం నేర్పండి. అప్పుడు బిడ్డకు తన చేయి వెలివేయబడినదనే తలంపు రాదు. జబ్బువలనగాని గాయంవలనగాని కుడిచేయి ఆడనివారు ఎడమచేత తిన్నా, తీర్థం పుచ్చుకొన్నా దోషం లేదు. శాస్త్రం శక్తి ఉన్నవానినే అడుగుతుంది, అశక్తుని దండించదు.

వరుసలో వెనుక నిలిచే పెద్దలకు ఒక విన్నపం. భగవంతుని ముందు చేయి చాపిన పసిబిడ్డను గద్దించకండి. చెప్పవలసినది అర్చకస్వామి మెల్లగా చెప్పుతారు. ఆ చేతిని కుడి అరచేతి క్రిందికి చేర్చడానికి ఒక్క క్షణం చాలును. భయపడి వెనుకకు దాచుకొన్న చేతులను మరల దేవుని ముందు చాపించడానికి ఎన్ని ఏండ్లు పట్టుతుందో ఎవరికి తెలుసు?

మరుసటి శనివారం ఆ బాలిక మరల వచ్చినది. రెండు చేతులూ కలిపి తీర్థం పుచ్చుకొని, నా వద్దకు వచ్చి తాను వేసిన ఆంజనేయస్వామి బొమ్మ చూపినది. "ఏ చేత వేసినావమ్మా?" అని అడిగినాను. కొంచెం సందేహించి, ఎడమచేయి ఎత్తి చూపినది. ఆ చేతిలోనే ప్రసాదపుష్పం ఉంచి ఆశీర్వదించినాను.

సవ్యసాచికి సారథి అయిన ఆ పరమాత్మ మన బిడ్డలందరి రెండు చేతులకూ సత్కర్మ యందు నేర్పును ప్రసాదించుగాక!

ఇతి శమ్.