తీగ లేని ఇంటర్నెట్: అమెరికాలో ఓడి గెలిచిన ఒక ప్రయత్నం

పాల సంఘాల్లో ఇంటర్నెట్ ఇప్పుడు కొత్త మాట కాదు. తూకం, వెన్న శాతం కంప్యూటరులో ఎక్కించడం, పాల డబ్బు బ్యాంకు ఖాతాలో జమ కావడం చాలా చోట్ల వాడుకలోకి వచ్చాయి. అయితే ఊరికి కేబుల్ రానప్పుడు ఏమి చేయాలన్న ప్రశ్న మిగిలే ఉన్నది. సెల్ టవరు నుంచి గాలిలో వచ్చే ఇంటర్నెట్‌ను ఇంటిలో పెట్టిన చిన్న పెట్టె ద్వారా అందుకునే పద్ధతి మన దేశంలోనూ వచ్చింది. 2023 ఆగస్టులో ఎయిర్‌టెల్ ఢిల్లీ, ముంబయిలలోను, అదే ఏడు సెప్టెంబరు 19న జియో హైదరాబాదుతో సహా 8 నగరాలలోను దీనిని ప్రారంభించాయి. ఇది తీగలతో పోటీపడి నిలవగలదా? అమెరికాలో ఈ ప్రయత్నం ఒకసారి ఓడి, మరొకసారి గెలిచింది. ఆ రెండు అనుభవాలు మన సభ్యులు తెలుసుకోదగినవి.

రెండు రకాల తీగలు

అమెరికా ఇళ్ళకు చాలా కాలం ఇంటర్నెట్ రెండు దారులలో వచ్చింది. మొదటిది డి.ఎస్.ఎల్. ఇది పాత టెలిఫోను రాగి తీగ మీదనే నడుస్తుంది. ఎక్స్ఛేంజి నుంచి ఇల్లు దూరమైన కొద్దీ వేగం తగ్గుతుంది. 5 కిలోమీటర్లు దాటితే సాధారణంగా పని చేయదు. రెండవది టీవీ కేబుల్. దీని వేగం ఎక్కువ. కాని తీగ వేయడానికి, స్తంభాలకు, తవ్వకాలకు ఖర్చు విపరీతం. అందువల్ల ఒకరు వేసిన చోట మరొకరు వేయరు. చాలా వీధులలో ఒకటి రెండు కంపెనీలే ఉండడంతో, వారు చెప్పిన ధరే ధర అయింది.

మొదటి ప్రయత్నం

ఈ పరిస్థితిని మార్చాలని క్రెయిగ్ మెకా 2003లో క్లియర్‌వైర్ అనే కంపెనీని స్థాపించారు. 2004 ఆగస్టులో ఫ్లోరిడా రాష్ట్రంలోని జాక్సన్‌విల్‌లో సేవ మొదలయింది. పెట్టెను తెచ్చుకుని కరెంటు ప్లగ్గులో పెడితే చాలు. ఇంటికి మనిషి వచ్చి తీగ లాగవలసిన పని లేదు. 2008లో స్ప్రింట్ తన తరంగాలను ఇందులో కలిపింది. ఇంటెల్, గూగుల్, కామ్‌కాస్ట్ తదితర సంస్థలు 320 కోట్ల డాలర్ల పెట్టుబడి పెట్టాయి.

అయినా కంపెనీ నిలదొక్కుకోలేదు. దాని తరంగాలు గోడలు దాటేటప్పుడు బలహీనపడతాయి. కనుక టవర్లు దగ్గర దగ్గరగా వేయాలి. ఈలోగా జనం ఇంటర్నెట్‌లో సినిమాలు చూడడం మొదలుపెట్టారు. కేబుల్ వేగం కూడా పెరిగింది. క్లియర్‌వైర్ ఎంచుకున్న వైమాక్స్ పద్ధతిని వదిలి సెల్‌ఫోను కంపెనీలు ఎల్.టి.ఇ. వైపు వెళ్ళాయి. అన్నిటికంటె ముఖ్యమైనది, తొలి రోజుల్లో టవర్ల ఖర్చు దాదాపు అంతా ఇళ్ళ, ల్యాప్‌టాపుల చందాల నుంచే రావలసి ఉన్నది. 2013లో స్ప్రింట్ ఈ కంపెనీని పూర్తిగా కొనివేసింది. 2016 నాటికి ఆ వైమాక్స్ సేవ మూతపడింది.

రెండవ ప్రయత్నం

2018 అక్టోబరు 1న వెరిజాన్ 4 నగరాలలో 5జి గృహ ఇంటర్నెట్ ప్రారంభించింది. 2020లో స్ప్రింట్, టి-మొబైల్‌లో విలీనమయింది. క్లియర్‌వైర్ వాడిన తరంగాలే ఆ విధంగా టి-మొబైల్ చేతికి వచ్చాయి. 2021 ఏప్రిల్‌లో ఆ కంపెనీ నెలకు 60 డాలర్ల ధరతో గృహ ఇంటర్నెట్ ప్రారంభించింది. 2024 ఆఖరుకు దాని చందాదారులు 60 లక్షలు దాటారు.

అవే తరంగాలు ఈసారి ఎందుకు గెలిచాయి? కొత్త యాంటెన్నాలు కొంత కారణం. అసలు కారణం లెక్కలో ఉన్నది. మన శీతలీకరణ కేంద్రాన్నే తీసుకోండి. పాలు ఎక్కువగా వచ్చే నెలల కోసం పెద్ద ట్యాంకు పెడతాము. వేసవిలో అందులో సగం ఖాళీగా ఉంటుంది. ట్యాంకు ఖర్చు ఎప్పుడో పెట్టాము కనుక, ఆ ఖాళీలో అదనంగా వచ్చే పాలు చల్లబరచడానికి ఖర్చు స్వల్పం. టవరు కూడా అంతే. రద్దీ వేళ ఫోనుల కోసం కట్టినది మిగిలిన వేళల్లో చాలా వరకు ఖాళీ. టి-మొబైల్ ఆ ఖాళీనే ఇళ్ళకు అమ్మింది.

అందుకే అడిగిన ప్రతి ఇంటికీ ఇవ్వలేదు. చిరునామా చూసి, ఆ టవరులో చోటు ఉంటేనే కనెక్షన్ ఇచ్చింది. లేకపోతే వేచి ఉండే జాబితాలో పెట్టింది. ఒక ఇల్లు నెలకు వందల గిగాబైట్లు వాడుతుంది, ఫోను వాడేది అందులో కొద్ది భాగమే. ట్యాంకు నిండాక ఇంకా క్యానులు దింపుకుంటే అందరి పాలూ పాడవుతాయి కదా!

పోటీ వల్ల లాభం

ఈ పోటీ వల్ల కేబుల్ కంపెనీలు ఇబ్బంది పడ్డాయి. 2023, 2024 సంవత్సరాలలో కామ్‌కాస్ట్ ఇంటర్నెట్ చందాదారులు తగ్గారు. 2025లో ఆ కంపెనీ 5 సంవత్సరాలపాటు ధర పెంచబోమనే పథకం ప్రకటించింది. అంటే కేబుల్ వదలని వారికి కూడా మేలు జరిగింది. ఊళ్ళో సంఘం ఉంటే, సంఘానికి పాలు పోయని వారికి సైతం ప్రైవేటు వ్యాపారి మంచి ధర ఇవ్వవలసి వస్తుంది. ఈ సంగతి మన సభ్యులకు అనుభవమే.

అయితే గాలి మార్గానికి హద్దు ఉన్నది. 2025లో టి-మొబైల్ తానే లూమోస్, మెట్రోనెట్ అనే ఫైబర్ సంస్థలలో వాటా తీసుకున్నది. వేగంలో ఫైబర్‌ను మించినది లేదు.

సంఘాలు గమనించవలసినవి

1. ఊరికి ఫైబర్ తీగ అందుతూ ధర అందుబాటులో ఉంటే దానికే మొదటి స్థానం ఇవ్వాలి.

2. గాలి ద్వారా వచ్చే ఇంటర్నెట్ తీసుకునే ముందు, పాలు పోసే ఉదయం, సాయంత్రం వేళల్లో సంఘం గదిలోనే వేగం పరీక్షించాలి. మధ్యాహ్నం వేగం చూసి నిర్ణయించరాదు.

3. పెట్టెను టవరు వైపు కిటికీ దగ్గర పెట్టాలి. రేకు గోడలు, ఇనుప బీరువాలు తరంగాలను అడ్డుకుంటాయి.

4. నెలకు ఎంత వాడకం తరువాత వేగం తగ్గిస్తారో, రద్దీ వేళ ఫోనులకు ముందు చోటు ఇస్తారో ముందుగానే అడిగి తెలుసుకోవాలి.

5. కరెంటు పోతే పెట్టె ఆగిపోతుంది. బ్యాటరీ ఏర్పాటు ఉండాలి. పాల లెక్క పుస్తకంలో కూడా రాసి ఉంచాలి.

ఒక పూట ఇంటర్నెట్ ఆగితే సినిమా చూసేవారికి పోయేది కొంత వినోదం మాత్రమే. సంఘంలో ఆగితే ఒక సభ్యుని పాల లెక్క తప్పవచ్చు. కాబట్టి పాలకవర్గం ధర ఒక్కటే చూడక, ఈ విషయాలన్నీ విచారించి నిర్ణయం తీసుకోవలసి ఉన్నది.