పాదాలతో పాట పాడించిన అంధుడు

బిచ్కుంద: భజనకు వెళ్లే వారందరికీ హార్మోనియం పరిచయమే. సరిహద్దు దాటితే మరాఠీ వారు దాన్ని 'పేటీ' అంటారు. ఒక చేత్తో తిత్తి ఊపి, మరో చేత్తో మెట్లు నొక్కితే, గాలికి లోపలి రేకులు అదిరి స్వరం పలుకుతుంది. ఈ పెట్టె పుట్టిల్లు పారిస్ నగరం. అక్కడ 1842లో డెబెయిన్ అనే ఆయన దీనికి పేటెంటు పొందారు. కాళ్లతో తొక్కి వాయించే ఆ వాద్యాన్ని, నేలమీద కూర్చుని వాయించేలా కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ మలిచారు.

హార్మోనియానికి పెద్దన్న వంటిది చర్చిల్లో ఉండే పైపు ఆర్గన్. పారిస్‌లోని నోత్రదామ్ చర్చి ఆర్గన్‌కు దాదాపు 8 వేల గొట్టాలున్నాయి. ఒక్కో గొట్టానిది ఒకే స్వరం. కొన్ని గొట్టాలు పిల్లనగ్రోవిలా, కొన్ని బాకాలా పలుకుతాయి. మెట్ల వరుసలు ఒకదానిపై ఒకటి అయిదు. పాదాలతో నొక్కే మెట్లు వేరు.

ఈ ఆర్గన్‌ను 1900 నుంచి 37 ఏళ్లపాటు వాయించిన వారు లూయీ వియెర్న్. 1870లో పుట్టిన ఆయనకు పుట్టుకతోనే చూపు దాదాపు లేదు. చిన్నతనంలో శస్త్రచికిత్స చేస్తే కొద్దిపాటి చూపు వచ్చింది. పారిస్ అంధుల పాఠశాలలో ఆయన సంగీతం నేర్చారు. చుక్కల లిపిని కనిపెట్టిన లూయీ బ్రెయిల్ చదివింది, పాఠాలు చెప్పింది ఆ బడిలోనే. బ్రెయిల్ కూడా ఆర్గన్ విద్వాంసుడే కావడం విశేషం.

పాశ్చాత్య సంగీతంలో సింఫనీ అంటే సాధారణంగా పదుల మంది కలిసి వాయించే పెద్ద రచన. వియెర్న్ మాత్రం ఒక్కరే వాయించేలా ఆరు సింఫనీలు రాశారు. 1899 నాటి మొదటి సింఫనీలో ఆరు భాగాలున్నాయి. చివరి భాగంలో చేతులు పై మెట్లపై పరుగులు తీస్తుంటే, అసలు పాటను పాదాలు పలికిస్తాయి. వింటుంటే గుడి గంటలన్నీ ఒక్కసారి మోగినట్లుంటుంది.

ఆయన బతుకు సుఖంగా సాగలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో కొడుకు, తమ్ముడు పోయారు. అయినా వాద్యాన్ని వదలలేదు. ఆర్గన్ మరమ్మతుకు చందాల కోసం 1927లో అమెరికా వెళ్లి కచేరీలు చేశారు. 1937 జూన్ 2న నోత్రదామ్‌లో కచేరీ చేస్తూ, ఆర్గన్ ముందే కుప్పకూలి ప్రాణం విడిచారు.

2019 ఏప్రిల్ 15న ఆ చర్చి కప్పు మంటల్లో కాలిపోయింది. ఆర్గన్ మాత్రం కాలలేదు. సీసపు ధూళి పట్టిన గొట్టాలను విప్పి, శుభ్రం చేసి, తిరిగి బిగించారు. 2024 డిసెంబరు 7న చర్చి తలుపులు తెరిచిన నాడు అది మళ్లీ పలికింది.

మెట్లను గుర్తుపట్టేది వేళ్లు, స్వరాన్ని పట్టేది చెవి. ఊళ్లో చూపు లేని బిడ్డ ఉంటే, భజన మేళం వారు పెట్టె ముందు కాస్త చోటిచ్చి చూడవచ్చు.